జంక్షన్ దాకా రాని లారీ

ఎనభై ఆరు మే నెలలో చిన్న రసాల మామిడి లోడుతో నూజివీడు నుంచి బయలుదేరిన లారీ, హనుమాన్ జంక్షన్‌కు మైలు దూరంలోనే ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. కబురందుకున్న ఓనరు బసవపున్నారావు, బావమరిది గంగరాజును ఎక్కించుకుని మోటారుసైకిలు మీద వచ్చాడు. రాగానే డ్రైవరు శౌరి నోటి దగ్గర వాసన చూశాడు.

"తాగలేదండీ," అన్నాడు శౌరి.

"మరి రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా తోలావా?"

"బయల్దేరేముందు నిండా పోశానండీ."

శౌరిది ఎనిమిదేళ్ల నౌకరీ. అయినా పున్నారావుకు నమ్మకం కుదరలేదు. జంక్షన్ నుంచి మెకానిక్ సలోమోను వచ్చాక అనుమానం ఇంకా పెరిగింది. శౌరిదీ అతనిదీ ఒకే పేట, కూడబలుక్కుని ఉంటారనిపించింది.

"ఏం విప్పినా నా కళ్లముందే విప్పు," అన్నాడు.

సలోమోను ఆయిల్ పుల్ల లాగి చూపించాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది.

"ఇంజను కాగిపోయి హెడ్ గాస్కెట్ పోయిందండి. నీళ్లు ఆయిల్లోకి దిగాయి."

"అంటే నీళ్లు లేకుండా తోలినట్టేగా?"

"లేని నీళ్లు ఎలా దిగుతాయండీ?"

అతను రేడియేటర్ కింది గొట్టం ఊడదీసి, పైనుంచి బిందెడు నీళ్లు పోశాడు. కింద ధారగా పడాల్సినవి చుక్కలుగా కారాయి. తీగతో గెలికితే పచ్చటి ముద్ద ఊడిపడింది. పున్నారావు దాన్ని వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పసుపు.

"రేడియేటర్ కారడం ఆగుద్దని ఎవరో పసుపు గుమ్మరించారండి. గొట్టాలన్నీ పూడిపోయాయి."

"నువ్వేగా?" పున్నారావు శౌరి మీదికి వెళ్లాడు.

"శని, ఆదివారాలు నేను లేనండీ. మా చెల్లెలి పెళ్లి. బండి ఎవరు తోలారో మీకే తెలుసు."

ఆ రెండు రోజులూ ఉంగుటూరుకు గడ్డి తోలింది గంగరాజు. పున్నారావు తిరిగి చూసేసరికి అతను తల పక్కకి తిప్పుకున్నాడు.

"దార్లో కారిపోతుంటే పసుపెయ్యమని ఎవరో చెప్పారు బావా. ఆగింది కూడా. చెబితే తిడతావని..."

పున్నారావు వేళ్లకంటిన పసుపు తుడుచుకున్నాడు. ఎండకి గంపల్లోంచి మగ్గిన వాసన వస్తోంది.

"శౌరీ, వేరే లారీ పిలిపిస్తాను. పళ్లు అందులోకి మార్పించు. ఇది బాగయ్యేదాకా షెడ్డులో నువ్వే దగ్గరుండు," అన్నాడు.

శౌరి తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

"పళ్లు మార్చి పోతానండీ. ఇంక తోలను. రేపు ఏది పాడైనా ముందు నన్నే అడుగుతారు."

వేరే లారీ వచ్చి గంపలన్నీ ఎక్కించాక శౌరి బాపులపాడు బస్సు కోసం నడిచి వెళ్లాడు. ఆపాలని పున్నారావు రెండడుగులు వేశాడు గానీ, తాళంచెవి గుప్పెట్లో పట్టుకుని ఆగిపోయాడు.