రెండు చుట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ దగ్గర్నుంచి మా ఫోర్‌మన్ దాకా అందరూ అంటారు. ఉంటుంది. ఎందుకుండకూడదు? పదకొండేళ్ళుగా డ్రిల్లింగ్ మెషీను ముందు నిలబడి తలుపు బందుల రేకులకు బెజ్జాలు వేస్తున్నదాన్ని. ఒక్కో రేకుకు మూడు బెజ్జాలు. ఎడంచేత్తో రేకును అదిమిపట్టాలి, కుడిచేత్తో మెషీను పిడి కిందికి లాగాలి. బిట్టు ఇనుమును తొలుచుకుంటూ దిగినంతసేపూ బాగానే ఉంటుంది. అవతలివైపు బయటపడే క్షణం ఉంది చూశారా, అప్పుడే అది రేకును పట్టేసుకుని తనతో పాటు గిర్రున తిప్పేయాలని చూస్తుంది. ఆ క్షణంలో ఏమరితే వేళ్ళు దక్కవు. మా వరసలో పన్నెండుమంది ఆడవాళ్ళం. పన్నెండుమందికీ ఎడంచేతి మీద గాట్లున్నాయి.

మా ఆయన పనిచేసేదీ అక్కడే, పనిముట్లు తయారుచేసే గదిలో. పనివాడు, కాదనను. గొంతెత్తి మాట్లాడడం ఎరగడు. మెత్తగా మాట్లాడేవాళ్ళను లోకం ఎంత నమ్ముతుందో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. నేను నిజం చెప్పినా అరుస్తున్నానంటారు. ఆయన ఏం చెప్పినా తలూపుతారు.

ఉత్త చేతులతో రేకులు పట్టుకునే ఖర్మ మాకు తప్పించాలని ఆయనే ఒక పట్టుకారు తయారుచేశాడు. రెండు పొడుగాటి పిడులు, ముందు పళ్ళున్న దవడలు, ఒక పిడి చివర మర. మర బిగించేకొద్దీ దవడల మధ్య సందు తగ్గుతుంది, పట్టు గట్టిపడుతుంది. పిడులు రెండూ కలిపి నొక్కితే టక్కుమని దవడలు రేకును కరిచి ఉండిపోతాయి. చెయ్యి వదిలేసినా ఊడదు. మళ్ళీ తియ్యాలంటే లోపలున్న చిన్న మీటను వేలితో ఎత్తాలి. కాగితాల మీద దాని పేరు లాకింగ్ ప్లయర్. మేం మొసలి అనేవాళ్ళం.

మొదటి మొసలిని ఇంటికి తెచ్చిన రోజు నేను కూరగాయలు తరుగుతున్నాను. కత్తిపీట పక్కనే దాన్ని పెట్టి, "నొక్కి చూడు," అన్నాడు.

పట్టుకున్నాను. పై పిడి అరచేతిలో ఉంటే కింది పిడిని నా వేళ్ళ కొసలు తగిలీ తగలనట్టు తగులుతున్నాయి. పళ్ళు బిగబట్టి నొక్కినా సగం కూడా మూతపడలేదు.

"ఏమయ్యా, ఇది ఎవరి చేతికి చేశావు?"

"చేతికే చేశాను. చెయ్యంటే చెయ్యే కదా."

"నీ చెయ్యా, నా చెయ్యా? నీ అరచెయ్యి పెనమంత ఉంటుంది. అక్కడ దీన్ని పట్టుకోబోయేది మేం పన్నెండుమందిమి. పిడులు దగ్గరికి జరుపు, ఒక్క వేలెడు చాలు."

"అలా జరిపితే లోపలి బద్దలన్నీ మళ్ళీ కొలిచి చెయ్యాలే. డ్రాయింగు పైకి పంపేశాను. అలవాటైతే అదే వస్తుందిలే."

ఆ డ్రాయింగు నకలు చూశాను. పిడుల పక్కన 'సగటు అరచెయ్యి' అని ఒక కొలత రాసి ఉంది. ఈ సగటు ఎక్కడిదని అడిగాను. నోటుపుస్తకం తెరిచి, తన చెయ్యి కాగితం మీద ఆనించి పెన్సిలుతో గీసుకున్న బొమ్మ చూపించాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

వారం తిరక్కుండా పెద్దసారు చూడడానికి వస్తున్నాడన్నారు. మగవాడు నొక్కితే గొప్పేముంది, ఆడమనిషి నొక్కి చూపిస్తే వెంటనే ఒప్పుకుంటారని మా ఆయన ఆలోచన. నన్ను చెయ్యమన్నాడు. చస్తే చెయ్యనన్నాను. బతిమాలతాడనుకున్నాను, బతిమాలలేదు.

"సరేలే," అన్నాడు, చాలా మెత్తగా. "నీకు చేతకాదని నాకూ తెలుసు. ఇంకెవర్నైనా అడుగుతాను."

ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పట్నుంచీ ఆ మాట నాకు పడదు. చేతకాదంటే చాలు, గోడ దూకమన్నా దూకుతాను. ఎవర్నీ అడగక్కర్లేదన్నాను.

మర్నాడు మెషీన్లు మొదలవకముందే ఇద్దరం వెళ్ళాం. పట్టు ఇంతుండాలని మర మీద తను గీసిన ఎర్రగీత దాకా బిగించి ఇచ్చాడు. పడలేదు. రెండోసారీ పడలేదు. ఆయన అటూ ఇటూ చూసి, నా చేతిలోంచి తీసుకుని మరను వెనక్కి తిప్పాడు, ఒక చుట్టు, ఇంకో చుట్టు.

"ఇప్పుడు నొక్కు."

సులువుగా పడింది. "మరి పట్టు ఉండదుగా?" అన్నాను.

"మెత్తటి రేకు పెడతాను. సన్న బిట్టు. ఏం కాదు. రెండు చుట్లే కదా, ఎవరికి తెలుస్తుంది?"

నిజంగానే ఏమీ కాలేదు. పెద్దసారు ముందు టక్కుమనిపించాను, బెజ్జం వేశాను, చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ చేతిగడియారం చూసుకుంటూ తిరిగే మా ఫోర్‌మన్ – అందుకే ఆయన్ని గడియారం అంటాం – ఆ రోజు నా మొహం కూడా చూశాడు. నెల తిరిగేసరికి మా ఆయనకు డ్రాయింగు గదిలో కుర్చీ వచ్చింది. మా పన్నెండుమందికీ పన్నెండు మొసళ్ళు వచ్చాయి. ఇకమీదట ఉత్త చేత్తో రేకు పట్టుకున్నవాళ్ళు మెషీను దిగిపోవాల్సిందేనని గడియారం చెప్పాడు.

మొదటిరోజే అందరూ నా చుట్టూ మూగారు. "అక్కా, నువ్వెలా నొక్కావే తల్లీ? మాకు చేతులు పడిపోతున్నాయి." నేను చూపించాను. రెండు చుట్లు వెనక్కి తిప్పండి అన్నాను. పిడుల చివర పట్టుకుంటే చెయ్యి చాలదు కాబట్టి దవడలకు దగ్గరగా పట్టుకోండి అన్నాను. అది బిట్టుకు కూడా దగ్గరేనని నాకు తెలియదా? తెలుసు. కానీ పదిమంది ఆశగా నా మొహంలోకి చూస్తుంటే గొప్పగా అనిపించింది. దాచుకోవడమెందుకు, గొప్పగానే అనిపించింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు మా వరసలో ఒకావిడ మానేస్తే ఆ చోటు మా చెల్లికి ఇప్పించాం. చెల్లి నాలా కాదు, నోట్లో నాలుక లేని పిల్ల. భర్త వదిలేసి వెళ్ళాక మా అమ్మ దగ్గర తల వంచుకుని బతుకుతోంది. పని దొరికాక మొదటిసారి తల ఎత్తి నడవడం చూశాను. మొసలి పట్టుకోవడం దానికి నేర్పింది నేనే. "ముందు రెండు చుట్లు వదులు చేసుకో. లేకపోతే పడదు," అని నా నోటితో నేనే చెప్పాను.

అలా మొసళ్ళు వచ్చి ఎనిమిది నెలలు గడిచాయి. రోజుకు ఎన్ని వందలసార్లు నొక్కేదాన్నో లెక్కలేదు. తడిబట్టలు పిండితే కుట్లు పిగిలిపోతున్నాయని ఇంట్లో మా ఆయన వేళాకోళం చేసేవాడు. ఊరగాయ సీసా మూత బిగుసుకుపోతే ఆయనే తెచ్చి నా చేతికిచ్చేవాడు.

అప్పుడు మందం రేకుల పని వచ్చింది. పెద్ద గేట్లకు వేసే బందులు. లావు బిట్లు. రెండోరోజు, భోజనాల గంటకు కాస్త ముందు, చెల్లి మెషీను దగ్గర కీచుమన్న చప్పుడు వినిపించింది. బిట్టు అవతలికి బయటపడుతూ రేకును పట్టేసింది. వదులుగా కరిచిన దవడల్లోంచి రేకు జారి గిర్రున తిరిగింది. చెల్లి చెయ్యి దవడల దగ్గరే ఉంది, నేను నేర్పినచోటే. నేను పరుగెత్తేసరికి ఎడంచేతి బొటనవేలు సగం లేదు. అది అరవను కూడా అరవలేదు. "అక్కా, మెషీను ఆపు," అంది.

విచారణ పెట్టారు. సంగతి చాలా తేలిక. తప్పు పనిముట్టుదైతే చెల్లికి కూర్చుని చేసే తనిఖీ పని ఇస్తారు. తప్పు మనిషిదైతే ఇంటికి పంపేస్తారు. బొటనవేలు లేని చేతికి ఇంకెక్కడా మెషీను పని దొరకదు. మళ్ళీ మా అమ్మ దగ్గర తల వంచుకోవడమే.

విచారణ ముందురోజు సాయంత్రం మా ఆయనతో తాడోపేడో తేల్చుకున్నాను.

"రేపు ఎర్రగీత దాకా బిగించి వాళ్ళ ముందే నొక్కి చూపిస్తాను. ఆడవాళ్ళ చేతికి పడదని వాళ్ళ కళ్ళతోనే చూస్తారు."

"చూపించు," అన్నాడు.

"నీ కుర్చీ పోతుంది."

"పోతే పోనీలే. మళ్ళీ పాత గదికే వెళ్తాను. నీ చెల్లి నాకు మాత్రం కానిదా?"

ఆ మాటకు నా గుండె కరిగింది. పన్నెండేళ్ళు కాపురం చేసి కూడా ఆ మెత్తదనానికి కరిగాను చూడండి, నన్ను చెప్పుతో కొట్టాలి. మొసలిని ఒకసారి ఇంటికి తెప్పించి నొక్కి చూసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఎనిమిది నెలల కిందట పడనిది ఇప్పుడెలా పడుతుందనుకున్నాను.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు పెద్దసారు, పక్కన గడియారం, చివర మా ఆయన. ఇటువైపు కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చెల్లి. నేను నిలబడి ఉన్నాను. గడియారం మందం రేకు, మొసలి నా ముందు పెట్టాడు. మర ఎర్రగీత దాకా బిగించి ఉంది. పెద్దసారు స్వయంగా చూసుకున్నాడు.

"నొక్కమ్మా," అన్నాడు.

పిడుల చివర పట్టుకుని నొక్కాను. పడలేదు. మళ్ళీ నొక్కాను. వేళ్ళు తెల్లబడ్డాయి కానీ పడలేదు. ఉన్న బలమంతా పెట్టాననే అనుకున్నాను, ఒట్టు. చెల్లి తలెత్తి నావైపు చూసింది. ప్రమాదం జరిగాక దాని మొహంలో ప్రాణం చూడడం అదే మొదలు. పెద్దసారు కళ్ళజోడు సర్దుకుని కలం మూత తీశాడు.

"పనిముట్టులోనే ఏదో..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు మా ఆయన చిన్నగా నవ్వాడు.

"వదిలెయ్యండి సార్. దానికి చేతకాదు. మాటలే తప్ప చేతుల్లో బలమేదీ? ఇంట్లో సీసా మూత కూడా నేనే తియ్యాలి."

గడియారం పక్కున నవ్వాడు. పెద్దసారు కూడా పెదవి బిగబట్టుకున్నాడు.

నా కళ్ళు బైర్లు కమ్మాయి. సీసా మూతా? నువ్వు తీస్తావా? కోపమంతా చేతిలోకి దిగింది. ఆ క్షణాన నా ముందు చెల్లీ లేదు, ఉద్యోగమూ లేదు. ఆయన నవ్వు ఒక్కటే ఉంది.

టక్.

మొసలి ఆ మందం రేకును కరుచుకుని నా చేతిలో ఉంది. ఒక్క చేతిలో. ఎర్రగీత దగ్గర. ఎనిమిది నెలలు రోజూ నొక్కి నొక్కి నా చెయ్యి ఎప్పుడు అంత గట్టిపడిందో నాకు తెలియదు. ఆయనకు తెలుసు. నేను పిండిన బట్టలు ఆరేసేది ఆయనే.

"పడిందిగా," అన్నాడు పెద్దసారు.

అప్పుడు అరిచాను. గొంతు చించుకుని అంతా చెప్పాను. మొదటిరోజే పడలేదని, ఈయనే రెండు చుట్లు వదులు చేసి ఇచ్చాడని, నేనే అందరికీ నేర్పానని, చెల్లికీ నేనే నేర్పానని. ఇప్పుడు నాకు పడింది గానీ కొత్తగా వచ్చిన ఏ ఆడపిల్లకైనా పడుతుందేమో పిలిచి చూడమన్నాను. పెద్దసారు ఓపిగ్గా విన్నాడు.

"అంటే, బిగించాలని తెలిసి కూడా కావాలనే వదులు చేశారన్నమాట," అని రాసుకున్నాడు. "ఒకరు కాదు, అందరూ."

"నేనలా చెప్పలేదు సార్, కోపంలో ఏదో అంటోంది," అన్నాడు మా ఆయన. మెత్తగానే. అందరూ తలూపారు. గడియారం టైము చూసుకున్నాడు.

కాగితాలు సర్దుకుని వాళ్ళు లేచారు. మా ఆయన నా పక్కనుంచి వెళ్తూ, "అలవాటైతే అదే వస్తుందని చెప్పానా లేదా?" అన్నాడు. నా చేతిలో మొసలి ఉంది. నెత్తిన ఒక్కటి వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. బల్ల మీద పెట్టేశాను.

చెల్లి కుర్చీలోంచి లేచి, సంచిని కుడిభుజానికి తగిలించుకోబోయింది. ఒంటిచేత్తో రెండుసార్లు జారింది. నేను పట్టుకోబోతే పక్కకు జరిగింది. దాని కళ్ళలో కోపం కోసం వెతికాను. తిడుతుందేమో, తిడితే బాగుండనుకున్నాను. దానికి తిట్టడం ఎప్పుడు వచ్చింది గనక?

"బాగా నొక్కావక్కా," అంది. మూడోసారికి సంచి తగిలించుకుని, తల వంచుకుని గేటువైపు నడిచింది.