నా పొడవంత చోటు

ఈస్టర్‌కి ముందు ఈ నలభై రోజుల తపస్సు కాలం నీకేం మేలు చేసిందని ఫాదర్ గారు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్కటే ఉంది. రక్తపోటు పెంచింది. మాంసం మానేశాను, అరటి కల్లు మానేశాను, టీలో పంచదార కూడా మానేశాను. మా మరిది ఎలీగీ మొహం చూడటం మాత్రం మానలేకపోయాను. రోజూ తెల్లవారకముందే వచ్చి, పోయిన నా మొగుడు దెయోదాతి కుర్చీలో దర్జాగా కూర్చునేవాడు.

మా కొండ మీద ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ కలిసి ఒక సంఘం. విభూతి బుధవారం మొదలుకుని ఈస్టర్ వారం ముగిసేదాకా పొద్దున్నే ఒకచోట చేరి ఆ రోజు సువార్త చదువుకుంటాం. తర్వాత ఒక్కొక్కరే తమ మనసుకు తగిలిన మాట చెప్పుకోవాలి. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు జవాబు చెప్పకూడదు, ప్రశ్న వేయకూడదు. గొడవలు రాకూడదని మా పెద్దవాళ్ళు పెట్టిన కట్టుబాటు అది. ఈ ఏడు మా ఇంట్లో పెట్టుకున్నారు, ముందు గది పెద్దదని. చదివే పని కూడా నాకే అప్పజెప్పారు, గొంతు పెద్దదని.

గొంతు ఎంత పెద్దదైతే ఏం లాభం, జవాబు చెప్పే వీలు లేనప్పుడు?

సంగతి ఇది. మా తోటకీ ఎలీగీ తోటకీ మధ్య ఇసాలే మొక్కల వరుస ఉంది. మాకు గట్టుకైనా ఇసాలే మొక్కే, క్షమాపణకైనా ఇసాలే ఆకే. ఆ ఆకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాదనడం ఎవరి తరమూ కాదు. పోయిన వానలకి గట్టు కొంత జారింది. ఎలీగీ నాకు ఒక్క మాటైనా చెప్పకుండా మొక్కలన్నీ మళ్ళీ నాటాడు. నాటడం నాటడం నా వైపు జరిపి నాటాడు. దెయోదాతి సమాధి నా తోటలోనే మిగిలింది గానీ, దాని పక్కన నాకోసం వదిలిపెట్టిన చోటు గట్టు అవతలికి పోయింది. అక్కడ ఇప్పుడు ఎలీగీ అరటి పిలక ఒకటి ఆకులు విప్పుతోంది.

నేను పోయాక ఎక్కడ పడుకోవాలి? దారి పక్కనా?

అడిగితే నవ్వాడు. గట్టు ముందునుంచీ అక్కడే ఉందట, నా కళ్ళకే వయసు వచ్చిందట. సంఘం పెద్ద టెంబా దగ్గరికి వెళ్ళాను. పవిత్రమైన రోజుల్లో భూమి తగాదా ఏమిటమ్మా, ఈస్టర్ కానీ, పెద్దల్ని కూర్చోబెడతాను అన్నాడు.

సరే, అప్పటిదాకా సువార్త ఉంది కదా అనుకున్నాను. జవాబు చెప్పకూడదన్నారు గానీ, చెప్పే మాట ఎవరికి తగలాలో ఎవరూ కట్టడి చేయలేదు. మొదటి శుక్రవారమే మంచి వాక్యం దొరికింది. నీ మీద సోదరునికి ఏదైనా కోపం ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం దగ్గరే వదిలేసి వెళ్ళి ముందు సమాధానపడు. ఎలీగీ వైపే చూస్తూ, నిదానంగా, నొక్కి నొక్కి చదివాను. అందరి వంతూ అయ్యాక అతను కళ్ళు మూసుకుని, ఈ మాట విన్నాక కోపం పెట్టుకుని కుళ్ళిపోతున్న మా ఇంటివాళ్ళ కోసం ప్రార్థించాలనిపించింది అన్నాడు. అందరూ అయ్యో పాపం అన్నట్టు నా వైపు చూశారు. నా చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి నేనెంత కష్టపడ్డానో దేవుడికే తెలుసు.

మరుసటి వారం ద్రాక్షతోట కౌలుదారుల కథ వచ్చింది. వారసుణ్ణి చంపి తోట కాజేసినవాళ్ళ కథ. నేను అడక్కుండానే దేవుడు పంపినట్టుంది. పరాయి తోట మీద కన్నేసినవాళ్ళ గతి ఏమవుతుందో చూడండి అన్నాను. ఎలీగీ నిట్టూర్చి, తోటలో ఒళ్ళు వంచి కష్టపడేవాణ్ణి అనుమానించడం లోకానికి మామూలే అన్నాడు. ఆ కథలో అలాంటి మాట ఎక్కడుంది? కౌలుదారుల తరఫున మాట్లాడిన మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెదవి విప్పడానికి లేదు. తర్వాత డెబ్భై ఏడుసార్లు క్షమించే వాక్యం వచ్చింది. దాన్ని నాకంటే ముందే అతను ఎత్తుకున్నాడు.

అలా పొద్దున్నే బైబిలు తెరవడం, అందులో ఎలీగీకి తగిలే రాయి ఏదుందా అని ఏరుకోవడం, అది తిరిగొచ్చి నా నెత్తినే పడటం. ప్రార్థన అయిపోయాక ఆవుకి అరటి బోదెలు నరుకుతూ, చెప్పలేకపోయిన జవాబులన్నీ దానికే చెప్పేదాన్ని. ఆవు కూడా విసుక్కుని తల తిప్పుకునేది.

మట్టల ఆదివారం దాటి మంగళవారం వచ్చింది. ఆ మధ్యాహ్నం సమాధి దగ్గర గడ్డి పీకడానికి వెళ్తే, నా చోటులో ఎలీగీ పిలకకి పేడ ఎరువు వేసి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అతను కొత్తగా నాటిన వరుసలోంచి ఒక ఇసాలే మొక్కని వేళ్ళతో సహా పెరికాను. ముందునుంచీ ఉన్న మొక్కకి ఇంత లేత వేళ్ళా, ఇదేనా మీ తాతల నాటి గట్టు అని అతని మొహం మీదే అడగాలి. రబ్బరు బూట్లు బురదలో జారుతుంటే వానలోనే వాళ్ళింటికి నడిచాను.

ఎలీగీ లేడు. అరుగు మీద మా అత్త కూర్చుని బీన్స్ ఒలుస్తోంది. కడగొట్టు కొడుకుది తండ్రి ఇల్లు, తల్లి అక్కడే ఉంటుంది, అది మా రివాజు. వానలో తడిసి, ఇసాలే చేతబట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడల్ని చూసి ఆవిడ చేతిలో చాట కింద పెట్టేసింది. లేచి వచ్చి ఆ మొక్కని రెండు చేతులా అందుకుంది. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. కోపంలో మనిషి కర్ర తెచ్చుకుంటాడు, కత్తి తెచ్చుకుంటాడు. ఇసాలే తెచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే.

అది కాదత్తా, వేళ్ళు చూడు అంటున్నాను. ఆవిడ ఏడుస్తోంది.

"పెద్దదానివై ఉండి నువ్వే ముందు వచ్చావే అపోలోనియా. ఇసాలే ఇచ్చాక ఇంక మాటలెందుకు?"

మరునాడు ప్రభువుని పట్టించిన యూదా కథ. ఒకే గిన్నెలో చెయ్యి ముంచి ద్రోహం తలపెట్టినవాడి గురించి, నా టీ తాగుతూ నా చోటు మింగినవాడికి తగిలేలా ఒక మాట వారం నుంచీ నూరి పెట్టుకున్నాను. చదవడం ముగించీ ముగించకముందే ఎలీగీ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా వదిన నిన్న ఇసాలే పట్టుకుని మా గుమ్మం తొక్కింది. మనసులో ఏదీ పెట్టుకోకుండా నేను ఆవిణ్ణి క్షమించాను."

ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టెంబా స్తోత్రం అన్నాడు. నాకు జవాబు చెప్పే వీల్లేదు. తప్పు చేసినవాడు నన్ను క్షమించాడు, నేను కూర్చుని ఆ క్షమాపణని మింగాలి. నా జన్మలో అంత చేదు ఎన్నడూ మింగలేదు. అందరూ వెళ్ళాక టెంబాని ఆపి, ఈస్టర్ కాగానే పెద్దల్ని కూర్చోబెడతానన్నావు గుర్తుందా అన్నాను. ఆయన నా భుజం తట్టి, ఇసాలే పట్టుకెళ్ళావు కదమ్మా, ఇక పంచాయితీ ఎక్కడిది, అది తీరిపోయింది అన్నాడు.

ఈస్టర్ వచ్చింది. మాంసం వండాను, ఉప్పు వేయడం మరిచిపోయాను. గుడిలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే నా చోటు పోయినట్టే అన్న మాట ఒక్కటే నా బుర్రలో తిరిగింది.

పండుగ తర్వాత మంగళవారం పొద్దున మగ్దలా మరియమ్మ కథ. ఆవిడ ఖాళీ సమాధి దగ్గర ఏడుస్తూ, ఎదురుగా ఉన్న ప్రభువుని చూసి తోటమాలి అనుకుంటుంది. ఆయన దేహాన్ని ఎక్కడ పెట్టారో చెప్పయ్యా, నేను తీసుకుపోతాను అని అడుగుతుంది. అది చదువుతూ మధ్యలో ఆగిపోయాను. ఇంత పెద్ద గొంతు, ఉన్నట్టుండి పోయింది. పక్కనున్నామె మిగతాది చదివింది.

నా వంతు వచ్చింది. ఏరుకోవడానికి నా దగ్గర ఏ రాయీ లేదు.

"నాకు వాక్యం ఏమీ తట్టలేదు. మా ఆయన పక్కన పడుకోవాలని ఉంది, అంతే. ఆ చోటులో ఇప్పుడు అరటి పిలక ఉంది."

ఎలీగీ తన వంతు వచ్చినా తల ఎత్తలేదు. అన్ని వారాలు కౌలుదారుల్నీ యూదాల్నీ అతని మీదికి విసిరాను గానీ, ఈ ఒక్క మాట చెప్పనే లేదని అప్పుడే తట్టింది. నా మీద నాకే విసుగేసింది.

ఎండ కాస్త పొడిచాక ఆవు దగ్గర ఉంటే తోటలో గునపం చప్పుడు వినిపించింది. వెళ్ళి చూద్దును కదా, ఎలీగీ పిలకని తవ్వి అవతల పారేశాడు. గట్టు మాత్రం వెనక్కి జరగలేదు. సమాధి దగ్గర వరకు వచ్చి, అక్కడ వంకర తిరిగి, ఒక మనిషి పట్టేంత చోటుని చుట్టి, మళ్ళీ అతను జరిపిన వరుసలోనే కలిసిపోయింది. మా అత్త కర్ర ఆనించుకుని అవతల నిలబడి చూస్తోంది.

"నీ చోటు నీదే వదినా. గట్టు మాత్రం ముందునుంచీ ఇక్కడే ఉంది."

ఒప్పుకోడు. చచ్చినా ఒప్పుకోడు. సమాధికి చోటిచ్చే మనిషి ఇంకో జానెడు ఎక్కువ ఇస్తే ఏం పోతుంది? నాకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, రెండూ ఒకేసారి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆ తడి మట్టిలో, దెయోదాతి పక్కన, వెల్లకిలా పడుకున్నాను. పాదాలు ఇసాలే వరుస దాటి అవతల తేలాయి.

"కాళ్ళు నీ తోటలో ఉన్నాయి ఎలీగీ."

అతను వంగి చూశాడు. నా మడమల పక్కన మట్టి తడిమాడు. నిజమే మరి. గొణుక్కుంటూ చివరి మొక్కని వేళ్ళతో సహా పైకి లాగాడు. కొత్త గుంట తవ్వాలంటే గునపానికి రెండు చేతులూ కావాలి. చుట్టూ చూసి, బురద కారుతున్న ఆ ఇసాలేని నా వైపు చాచాడు.

"కాస్త పట్టుకో వదినా."

పడుకున్న చోటునుంచే రెండు చేతులూ చాచి అందుకున్నాను. గుండెల మీద పెట్టుకున్నాను.

"క్షమించాను ఎలీగీ."

అతను తన ఖాళీ చేతులు చూసుకున్నాడు. అది కాదు అనబోయి నోరు తెరిచాడు. గట్టు అవతల అత్త అప్పటికే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఇసాలే ఇచ్చాక ఇంక మాటలెందుకురా," అంది.

ఎలీగీ నోరు మూసుకున్నాడు. గునపం తీసుకుని, నా పాదాలకి జానెడు అవతల తవ్వడం మొదలుపెట్టాడు. నేను కాళ్ళు బారచాపుకున్నాను.