లక్క కరిచిన చోటు

హొరికె వారింటికి కోడలిగా వచ్చి పంతొమ్మిది రోజులైనా చిఫుయుకి ప్రతి పొద్దూ పండగలాగే ఉంది. ఒకే గాజు గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటే, వాటిని చూసి తనలో తను నవ్వుకునేది. భర్త రియోహే లక్కపనివాడు, చెక్క పెట్టెలకి లక్క పూసి బంగారుపొడితో బొమ్మలు వేసేవాడు. ఇంటి వెనక పనిగదిలోంచి భోజనానికి వచ్చేసరికి చెవి తమ్మె మీదో కనుబొమ మీదో బంగారుపొడి మెరుస్తూ ఉండేది.

"తుడుచుకోకండి. బంగారు చెవులాయనకి అన్నం పెట్టే అదృష్టం ఊళ్ళో ఇంకెవరికుంది?" అనేది చిఫుయు.

"చెవులు తాకట్టు పెట్టేస్తావా ఏంటి?" అనేవాడు అతను.

పనిబట్టలు మాత్రం పనిగది గుమ్మంలోనే విప్పేసి తనే ఉతుక్కునేవాడు. ఆమెను ఆ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. లక్క అంటే చెట్టు గాటు నుంచి కారే పాలు; అవి పూర్తిగా ఆరి గట్టిపడేదాకా, నెలల తరబడి, అలవాటు లేని ఒంటిని కరుస్తాయి, బొబ్బలెక్కిస్తాయి. అతని జుట్టులో ఉండే లక్క వాసన మాత్రం ఆమె సొంతం. కాస్త పులిసినట్టు, కాస్త తడిమట్టిలా ఉండే ఆ వాసనంటే ఆమెకు పిచ్చి ఇష్టం.

కనజవా పాత వీధుల్లో మూడు తరాలుగా లక్క వస్తువులు సేకరిస్తున్న ఇల్లది. ఆ నవంబరులో ఊరి మ్యూజియంలో జరగబోయే ప్రదర్శనకి ఆ ఇంటి నుంచి రెండు వస్తువులు వెళ్ళాలి. ఒకటి రియోహే కొత్తగా చేసిన ఫలహారాల పెట్టె. అతని పేరు గాజు బీరువా ముందు చీటీ మీద కనబడటం అదే మొదటిసారి. రెండోది, దాని పక్కనే పెట్టబోయే రెండువందల యాభై ఏళ్ళనాటి రాతపెట్టె. కుంచెలూ, సిరా అరగదీసే రాయీ దాచుకునే ఆ పెట్టె మూత మీద శరత్కాలపు గడ్డి, గడ్డి మీద మంచుబిందువులు. నలభై ఏళ్ళుగా దాన్ని బయటివాళ్ళెవరికీ చూపించలేదు. కాలేజీలో చిఫుయు రాసిన పెద్ద వ్యాసం దాని మీదే, అదీ పాత ఫోటోలు చూసి రాసింది.

"మ్యూజియం వాళ్ళు వచ్చేదాకా ఆ పెట్టె ఎవరూ ముట్టుకోవద్దు," అని మామగారు సెయిచిరో రెండుసార్లు చెప్పాడు. ఆయన ఏదీ రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

ఒక మధ్యాహ్నం తండ్రీకొడుకులిద్దరూ బయటికి వెళ్ళారు. తోటలో పనివాళ్ళు, రాబోయే మంచు బరువుకి కొమ్మలు విరగకుండా పైన్ చెట్టుకి తాళ్ళు కడుతున్నారు. చిఫుయు చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఉంగరం తీసి పక్కన పెట్టింది. ఒక పెట్టెలో ఇంకో పెట్టె, దాన్లో పట్టుగుడ్డ, ఆ గుడ్డలో రాతపెట్టె. నల్లటి చీకట్లో బంగారు గడ్డిపోచలు గాలికి వంగాయి. మూత తీసి ఎడమ మణికట్టు మీద ఆనించుకుని, బిందువులు లెక్కపెట్టడానికి ముఖం దగ్గరగా వంచింది. పదిహేడు. ఫోటోల్లో కనబడినవి లెక్కపెట్టి వ్యాసంలో పదహారని రాసింది. పట్టలేనంత సంతోషం వేసింది. ఏదో తెలిసిన వాసన ముక్కుకి తగిలినా, ఆ సంతోషంలో పట్టించుకోలేదు. అన్నీ మళ్ళీ ఉన్నట్టే సర్ది పైపెట్టెకి పట్టుతాడు కట్టింది.

మూడో రోజు పొద్దున మణికట్టు దురద పెట్టింది. మధ్యాహ్నానికి ఎర్రబడి, చిన్న చిన్న నీటిబుడగలు లేచాయి. గుడి వీధిలో ఏరుకొచ్చిన, ఒళ్ళు దురద పెట్టించే గింకో చెట్టు కాయల రసం అంటి ఉంటుందనుకుంది. కానీ వాటిని చేతి తొడుగులతో ఏరింది. సోయా ముద్దతో కాచే మిసో చారులోకి ముల్లంగి తరుగుతుంటే, కాలేజీలో ముసలి మాస్టారు అన్న మాట ఉన్నట్టుండి గుర్తొచ్చింది: పాత లక్క పసిపాపనైనా ఏమీ చెయ్యదు, కరిచేది కొత్త లక్కే. కత్తి ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం పెట్టెలోంచి వచ్చిన వాసన రోజూ తను రియోహే జుట్టులో పీల్చుకునే వాసనే.

చేతులు తుడుచుకుని వెళ్ళి పనిగది గుమ్మం బయట నిలబడింది.

"ఏమండీ, ఇలా చూడండి."

రియోహే తలెత్తి ఆమె మణికట్టు చూశాడు. కుంచె కింద పెట్టాడు. ఏమైందని అడగలేదు. అడగకపోవడంతోనే ఆమెకి సగం తెలిసిపోయింది.

"ఎప్పుడు తెరిచావ్?"

"మూడు రోజులైంది. అది మీరు చేసిందేనా?"

"కొత్త సంవత్సరం నాడు భూకంపం వచ్చింది చూడు, ఆ రోజు అసలుది అరలోంచి పడి బద్దలైంది," అన్నాడతను గొంతు తగ్గించి. "ముక్కలు కింద గదిలో ఉన్నాయి. నాన్న ఎవరికీ చెప్పనివ్వలేదు. తాత చేతులమీదుగా వచ్చింది తన కాలంలో విరిగిందంటే ఆయన బతకలేడట. అలాంటిదే చెయ్యమన్నాడు. చేస్తావా అని అడగలేదు చిఫుయూ, చెయ్యమన్నాడు."

"ఎంత బాగా చేశారండీ!" అనేసింది ఆమె. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు తనకే ఒళ్ళు జలదరించింది. "కానీ దాన్ని రెండువందల యాభై ఏళ్ళదని పెడతారు కదా. పక్కనే మీ పేరుతో మీ పెట్టె."

"ఎల్లుండి పెట్టె పరీక్షించడానికి మ్యూజియం నుంచి తాతెబె గారు వస్తుంది. ఆవిడవి ముప్పై ఏళ్ళుగా లక్కలో నానిన చేతులు, వాటిని ఏదీ కరవదు. ఆ ఒక్క గంటా నీ చెయ్యి కనబడకుండా చూసుకో. లక్కపని వాళ్ళకి ఆ బొబ్బలు చూస్తే చాలు. బయటపడిందంటే దొంగ సరుకు చేసినవాడినని, నా చేతి పని ఇంకెవరూ ముట్టుకోరు." అతని చెవి మీద బంగారం మెరుస్తోంది. ఆమెకి నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున మామగారు పిలిచాడు. వెళ్ళేసరికి ఆయన ముందు చాప మీద ఆ పెట్టె ఉంది.

"ఇలా కూర్చో అమ్మాయ్. ఈ ముడి ఎవరు వేశారు?"

చిఫుయు కూర్చుని ముడి వైపు చూసింది.

"చక్కగానే వేశావు. నీకు చెప్పినవాళ్ళెవరో బాగానే చెప్పారు. కానీ ఈ ఇంట్లో కుడి కొస పైకి వస్తుంది." ఆయన కోపంగా లేడు. తాడు విప్పి, ఎంతో నెమ్మదిగా, ఒక్కో మెలికా ఆమెకు కనబడేలా మళ్ళీ కట్టాడు. "చూశావుగా. ఇంక మర్చిపోవు. రేపు చేతులు పొడుగ్గా ఉన్న కిమోనో కట్టుకో."

ఆమె చేతిని ఆయన చూడనే లేదు.

ఆ రోజంతా రియోహే భోజనానికి రాలేదు. చెస్ట్‌నట్ గింజలు వేసి వండిన అన్నం గిన్నెలోనే చల్లారిపోయింది. తోటలో తాళ్ళన్నీ బిగించిన పైన్ చెట్టు పెద్ద పంజరంలా నిలబడి ఉంది. నిన్నటిదాకా దాన్ని గొడుగులా ఉందనుకునేది చిఫుయు.

తాతెబె గారు చెప్పిన వేళకి వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, నవ్వు మొహంతో ఉండే మనిషి. చేతులు కడుక్కుని పెట్టె తెరిచి, చిన్న టార్చి వేసి అంచులూ మూలలూ చూస్తూ కాగితం మీద రాసుకుంటోంది.

"అబ్బ, నిన్న పూసినట్టుందండీ సెయిచిరో గారూ! మీ ఇంట్లో గాలికి కూడా వయసు రాదేమో!"

"జాగ్రత్తగా ఉంచాం," అన్నాడు మామగారు.

రియోహే చాప అల్లిక వైపే చూస్తున్నాడు. చిఫుయు టీ తెచ్చి అందరి ముందూ పెట్టింది. తాతెబె గారి గిన్నె ఆవిడ మోకాలికి దూరంగా ఉంటే ముందుకి జరపబోయింది. కిమోనో చెయ్యి వెనక్కి జారింది.

"అయ్యో పాపం!" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అయిందా అప్పుడే? లక్కపని ఇంటికి వచ్చిన కోడలికి మొదటి కానుక ఇదేలే. నా పెళ్ళైన కొత్తలో నా మొహం ఉడకబెట్టిన పీతలా అయ్యింది, మా ఆయన వారం రోజులు నవ్వాడు."

"పనిగదిలోకి వెళ్ళావు కదూ అమ్మాయ్?" అన్నాడు మామగారు. ఆ గొంతులో ఎంతో ప్రేమ ఉంది. "వద్దంటే వినదు."

అవునంటే చాలు. గంట గడిచిపోతుంది. రియోహే తన వైపు చూస్తాడేమోనని చిఫుయు చూసింది. అతను చూడలేదు.

"అవునండీ, వెళ్ళాను," అంది.

తాతెబె గారు ఆమె చెయ్యి వదల్లేదు. టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని మణికట్టు మీదకి తిప్పింది. నీటిబుడగలు చెల్లాచెదురుగా లేవు. ఒకటిన్నర అంగుళాల మేర తిన్నగా గీత గీసినట్టు వచ్చి, ఒకచోట మెల్లగా వంపు తిరిగి, మళ్ళీ తిన్నగా సాగాయి.

"పనిగది గాలి తగిలితే ముందు కనురెప్పలు వాస్తాయి," అందావిడ మెల్లగా. "తర్వాత వేళ్ళ సందులు." ఇంకో చేత్తో మూత ఎత్తి, ఎక్కడా తాకించకుండా, మణికట్టుకి పైగా పట్టుకుంది. మూత మూలకీ ఆ ఎర్రటి వంపుకీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఆవిడ మూత యథాస్థానంలో పెట్టి, పెన్నుకి క్యాపు బిగించింది. మొహంలో నవ్వు లేదు.

"చిఫుయు గారూ, ఇంకొక్కసారి అడుగుతాను. ఈ కాగితం మీద నేను సంతకం పెడితే, ప్రదర్శనలో దీని ముందు పెట్టే చీటీ చదివిన ప్రతివాళ్ళకీ నేను మాటిచ్చినట్టు. మీరు వెళ్ళింది పనిగదిలోకేనా?"

మామగారు టీ గిన్నె రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆయన మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"పనిగదిలోకి కాదండీ," అంది.

రియోహే తలెత్తాడు. పెళ్ళైనప్పటి నుంచి అతని మొహం మీద ఆమె ఎన్నో చూసింది గానీ ఇప్పుడున్నదేమిటో ఆమెకి తెలియలేదు. అతను లేచాడు.

"ముక్కలు తెస్తాను," అన్నాడు తాతెబె గారితో. తలుపు జరిపి వెళ్ళాడు. కింద గదికి దిగే మెట్ల మీద అడుగుల చప్పుడు ఒక్కొక్కటే వినబడి ఆగిపోయింది.

తాతెబె గారు పెట్టె మీద నుంచి చూపు తిప్పలేదు. మామగారు మాత్రం గిన్నె కిందపెట్టి, కోడలి వైపు కాస్త ముందుకి వంగాడు.

"టీ చల్లారిపోయింది అమ్మాయ్," అన్నాడు ఆ ప్రేమ గొంతుతోనే. "ముందు ఈవిడని పంపిద్దాం. తర్వాత మనం మాట్లాడుకుందాం. మనకి బోలెడు కాలం ఉంది."