బండ వాటా

కేరళలోని మీనచ్చిల్ కొండల్లో ఆస్తి పంచేది పెద్దవాడు, ముందు కోరుకునేది చిన్నవాడు. పంచేవాడి చెయ్యి వంకర పోకుండా పెద్దలు పెట్టిన కట్టుబాటది. తండ్రి పోయాక పెద్దవాడైన ఔసేప్, రబ్బరు తోటను ఒక వాటాగా, పాత ఇల్లూ దాని వెనక నల్లబండా ఇంకో వాటాగా పెట్టాడు. రబ్బరు బంగారమైన ఆ రోజుల్లో తమ్ముడు కురువిళ బండను కోరుకున్నాడు. ఊరంతా నవ్వింది. "మావాడికి ఈ ఏడు రాళ్ళు విరగకాశాయి" అని ఔసేప్ ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఎగతాళి చేసేవాడు.

కురువిళ ఆ మాటలు పట్టించుకోలేదు. వేసవి మొదట్లో ఇరుగుపొరుగంతా చేరి కర్రపెండలం తరిగి, గంగాళాల్లో ఉడికించి, ఆ బండ మీద ఆరబోసేవారు. ఎండుచేపల పులుసు వాసన, ఆడవాళ్ళ వేళాకోళాలు, అందరికంటే ముందు పాటందుకునే అతని భార్య త్రేసియా. అవీ రోజులంటే! త్రేసియా పోయింది. ఆరబోసేవాళ్ళలో మిగిలింది అతనొక్కడే.

ఇప్పుడు రబ్బరు ధర పడిపోయి, ఔసేప్ చెట్లకు పాలు పట్టే చిప్పలు బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. బండకేమో క్వారీవాళ్ళు కోటి ఇస్తామన్నారు. దాన్ని పగలగొట్టించడానికి కురువిళకు మనసొప్పలేదు.

కబురు తెలిసి ఔసేప్ వచ్చి బండ మీద చతికిలబడ్డాడు.

"నీకప్పుడే తెలుసురా. తెలిసే నన్ను ముంచావు."

పెండలం ముక్కలు తిరగేస్తున్న కురువిళకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"నాకేం తెలుసు, అన్నా? ఆ రబ్బరు మొక్కలు నువ్వూ నాన్నా కలిసి నాటారు. వాటాలు చెబుతుంటే తోట దగ్గరికొచ్చేసరికి నీ గొంతు వణికింది. అది విన్నాక తోట నాకిమ్మని ఏ నోటితో అడగను?"

ఔసేప్ తల దించుకున్నాడు. ఇన్నేళ్ళ ఎగతాళీ తిరిగొచ్చి తన మీదే పడింది.

కురువిళ పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తెచ్చి బండకు అడ్డంగా గీత గీశాడు.

"ఈసారి పంచింది నేను. ముందు నువ్వు కోరుకో. అమ్ముకున్నా నీ ఇష్టమే."

ఔసేప్ రోడ్డు వైపు సగం చూపించాడు. క్వారీవాళ్ళకు కావలసింది ఆ సగమే.

"లారీలు రావాలంటే ఇటు నుంచే కదరా రావాలి?" అన్నాడు ఔసేప్, పంచె ఎగ్గట్టుకుంటూ. "ఎలా వస్తాయో చూస్తాను. ఎండ పోతోంది, ఆ గంప ఇటియ్యి. నా సగం మీదా ఆరబోద్దాం."