ఈత రాని ముద్దాయి

లాయరమ్మ ఝాన్సీలక్ష్మి పున్నమ్మకి పెట్టిన షరతు ఒక్కటే: కోర్టులో నోరు విప్పకూడదు. హంసలదీవి నుంచి ఊరూరా చేపలమ్ముకునే మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. అయినా బందరు జిల్లా కోర్టులో చివరి బెంచీ మీద, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. మొగుడు ధనరాజు సబ్‌జైలుకెళ్ళి యాభై రెండు రోజులైంది. ఇవాళ బెయిలొస్తే ఇంటికొస్తాడు. రాకపోతే వేట సీజనంతా కటకటాల వెనకే.

కేసు చిన్నది కాదు, హత్యాయత్నం. కొట్టింది తెడ్డుతో. దెబ్బ తిన్నది ఎవరో కాదు, పున్నమ్మ సొంత తమ్ముడు అయ్యప్ప. తలకి పదకొండు కుట్లు పడ్డాయి, రెండు రోజులు స్పృహ లేదు. ఆ రెండు రోజులూ ఆసుపత్రి వరండాలో తమ్ముడి కోసం ఏడ్చింది. వాడు కళ్ళు తెరిచాక జైలుకెళ్ళి మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టడం అయ్యాక అక్కడా ఏడ్చింది.

వల దగ్గర తగాదా అని పోలీసులు రాసుకున్నారు. అయ్యప్ప వాళ్ళకి చెప్పింది అదే. అసలు సంగతి ముగ్గురికే తెలుసు. ధనరాజుకి ఈత రాదు! ఇరవయ్యేళ్ళుగా వేటకెళ్తున్న మనిషి, నడుం లోతు దాటితే బుడుంగుమంటాడు. ఎవరికీ చెప్పనని పెళ్ళైన మూడోనాడే పెళ్ళాం చేత ఒట్టేయించుకున్నాడు. రెండుసార్లు జుట్టు పట్టి నీళ్ళలోంచి పైకి లాగిన బావమరిదికి ఎలాగూ తెలిసిపోయింది. ఆ రోజు రేవులో పదిమంది ముందు అయ్యప్ప సరదాకి, "మా బావ సంగతొకటి చెప్పనా?" అన్నాడు. అంతే, తెడ్డు లేచింది. తల పగిలినా సరే, ఆ గుట్టు మాత్రం అయ్యప్ప బయటపెట్టలేదు.

మొదటిసారి పిటిషన్ కొట్టేశారు. దెబ్బ తిన్నవాడు ఇంకా మంచం మీదే ఉన్నాడు, దర్యాప్తు సాగుతోంది అన్నారు. ఇప్పుడు అయ్యప్ప కోలుకున్నాడని, సాక్షుల వాంగ్మూలాలు పూర్తయ్యాయని ఝాన్సీలక్ష్మి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ప్రభుత్వ లాయరు లేచాడు.

"నేరం తీవ్రమైందండీ. పైగా సముద్రం మీద బతికే మనిషి. పడవెక్కాడంటే ఏ రేవులో తేలతాడో ఎవరికీ తెలీదండీ."

"చంపాలనే కొట్టాడా అన్నది విచారణలో తేలుతుంది, ఇవాళ కాదు," అన్నారు జడ్జిగారు. "పిలిచినప్పుడు వస్తాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా, నేను చూడాల్సింది అది. పారిపోడని నమ్మకం ఏమిటమ్మా?"

"ఇల్లూ, భార్యా, పిల్లలూ అందరూ ఇక్కడే ఉన్నారండీ," అంది ఝాన్సీలక్ష్మి. రోజూ వినే మాటే. జడ్జిగారు కలం తీశారు. మొదటిసారి కొట్టేసిన రోజూ ఆయన ఇలాగే కలం తీశారు. పున్నమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసేసి లేచి నిలబడింది.

"ఆయనకి ఈత రాదు బాబుగారూ!"

హాలంతా గొల్లున నవ్వింది. ఝాన్సీలక్ష్మి కళ్ళు మూసుకుంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ముద్దాయి పెళ్ళాన్నండి. ఒట్టు ఎలాగూ తప్పాను, మొత్తం చెప్పేస్తానండి. మా తమ్ముడు పక్కన లేందే ఆయన పడవెక్కడండి. ఇరవయ్యేళ్ళలో ఒక్కరోజు కూడా ఎక్కలేదు. పారిపోవాలంటే ఆ దెబ్బ తిన్నవాణ్ణే బతిమాలుకోవాలండి!"

జడ్జిగారు ఎస్సై వైపు చూశారు. "ఈత సంగతి తెలీదండి," అని నసిగాడు ఎస్సై. "పడవ మాత్రం అయ్యప్ప పేరు మీదే ఉందండి. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్తారని సాక్షులు కూడా చెప్పారండి."

జడ్జిగారు కాగితాల్లోకి తల దించారు. కాసేపు భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి, కోర్టులో అలా అరవకూడదని పున్నమ్మని మందలించి, బెయిలు మంజూరు చేశారు. ఇద్దరు జామీనుదారులుండాలి. ప్రతి సోమవారం స్టేషన్లో సంతకం పెట్టాలి. కేసు తేలేదాకా అయ్యప్పతో సహా సాక్షులెవరితోనూ మాట కలపకూడదు.

"నోరు విప్పొద్దన్నానా లేదా?" అంది బయటికొచ్చాక ఝాన్సీలక్ష్మి.

"అన్నారండి."

"వినకపోవడమే మంచిదైంది," అని ఆవిడే ముందు నవ్వేసింది.

రెండు రోజులకి ధనరాజు విడుదలయ్యాడు. ఈత కబురు అతనికంటే ముందే జైలంతా తిరిగొచ్చింది.

"పరువు తీశావు కదే," అన్నాడు గేటు దగ్గర.

"పరువుని లోపలే ఉండనీ. నువ్వు నడు."

నవ్వకూడదనుకున్నాడు గానీ ఆగలేకపోయాడు. బస్సు అవనిగడ్డ చేరింది. అప్పుడు మెల్లిగా, "వాడి తల ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వినకుండానే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని భోరుమన్నాడు. పున్నమ్మ వీపు నిమురుతూ కూర్చుంది.

సోమవారం స్టేషన్లో సంతకం పెట్టొచ్చి, ధనరాజు తిన్నగా ఏటి పాయలోకి దిగాడు. దాచడానికి ఇంకేముంది? పడవ అంచు పట్టుకుని కాళ్ళు కొట్టుకుంటుంటే గట్టు మీద ఊరంతా పోగైంది. వాళ్ళ వెనక, నెత్తిన మచ్చతో అయ్యప్ప.

"అక్కా! మోకాళ్ళు వంచొద్దని చెప్పు," అని అరిచాడు. "నేను మాట్లాడేది నీతోనే సుమా, ఆయనతో కాదు!"

"పున్నా! నాకు తెలుసని చెప్పు ఆ గట్టు మీద మనిషికి!" అన్నాడు ధనరాజు నీళ్ళు ఉమ్మేస్తూ.

నవ్వలేక పున్నమ్మకి పొట్ట నొప్పెట్టింది.

"అక్కా, ఇక అంచు వదిలెయ్యమను. మునిగితే నేనున్నానని చెప్పు."

ఆ మాట పున్నమ్మ మొగుడికి చెప్పాల్సిన పని లేకపోయింది. అతను అప్పటికే చేతులు వదిలేశాడు.