మోసుకెళ్లిన మాట

నమ్రత సీసాల మూతలు బిగిస్తూ ఉండగా, టేబుల్ ఈ చివర కూర్చున్న మెరెడిత్ తల ఎత్తకుండానే అంది, "ఆ తేనె తనకు ఇంకా కావాలేమో కనుక్కో."

తను అంటే టేబుల్ ఆ చివర కూర్చున్న కెల్సీ. ఇద్దరి మధ్యా ఖాళీ కుర్చీలున్నాయి. కెల్సీ ఏమీ వినబడనట్టు ఓట్స్ తింటోంది. నమ్రత వెళ్లి ఆమె ముందున్న తేనె డబ్బా తీసుకొచ్చి మెరెడిత్ దగ్గర పెట్టి, "నిన్నే తీసుకోమంది" అంది.

స్టవ్ దగ్గర నిలబడ్డ భవిత ఇదంతా చూస్తూనే ఉంది. సైకిల్ రేసుకు వచ్చే ఆటగత్తెలకు ఊళ్లోవాళ్లు తమ ఇళ్లల్లో గదులివ్వడం ఇక్కడ మామూలే. తన ఆఫీసులో నోటీసు చూసి భవిత తన మేడ మీది గదులు ఈ ముగ్గురికీ ఇచ్చింది. నమ్రత సీసాలు సింక్ దగ్గరికి తెచ్చేసరికి తెలుగులో మెల్లగా అడిగింది.

"ఆ పిల్ల నోరే తెరవలేదు కదనే."

"తెరిస్తే ఇంకోటి అనేది అక్కా. ఇది బెటర్."

భవిత నవ్వాపుకుంటూ దోశ తిరగేసింది.

నమ్రతకు ముప్పై నాలుగేళ్లు. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో ఉంటుంది. తొడ సగం వరకు నల్లగా కమిలి, ఆ పైన గీత గీసినట్టు తెల్లగా ఉంటుంది. రెండు మోకాళ్ల మీదా పాత గాయాల మచ్చలు, ఎడమ భుజపుటెముక మీద విరిగినప్పుడు చర్మం కింద వేసిన ఇనప్పట్టీ ఉబ్బు. పెరిగింది తెలుగువాళ్లు ఎక్కువున్న క్యారీ అనే ఊళ్లో. కాలేజీ రోజుల్లో స్నేహితురాలి వెంట ఒక ఆదివారం సైకిల్ గుంపుతో వెళ్లింది. మరి వెనక్కి రాలేదని వాళ్లమ్మ చాముండేశ్వరి ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఇన్నేళ్లలో నమ్రత ఒక్క రేసూ గెలవలేదు. గెలవడం ఆమె పని కాదు. జట్టులో లీడర్ గెలవాలంటే ఎవరో ఒకరు ముందుండి గాలిని చీల్చాలి, వెనకున్నవాళ్ల కాళ్లల్లో సత్తువ మిగలాలి. ఎవరో ఒకరు టీమ్ కారు దాకా వెనక్కి వెళ్లి, నీళ్ల సీసాలు మోసుకుని మళ్లీ గుంపును అందుకోవాలి. ఆ ఎవరో ఒకరు నమ్రత. క్యారీలో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా నాన్న స్నేహితులు "ఏమ్మా, గెలిచావా?" అని అడిగేవారు. "మా టీమ్ గెలిచింది అంకుల్" అనేది. "అది సరే, నువ్వో?" అనేవారు. అప్పుడు నమ్రత సమోసా ప్లేటు వాళ్ల ముందుకు జరిపేది.

ఈ జట్టుతో వచ్చిన చిక్కు ఏమిటంటే, లీడర్లు ఇద్దరు. జూన్‌లో కొలరాడో రేసులో మెరెడిత్ పసుపు జెర్సీలో ఉంది, అంటే అన్ని రోజుల సమయం కలిపి చూస్తే అందరికన్నా ముందుంది. చివరి కొండ మీద ఆమె కాస్త తడబడింది. పక్కనుండి సాయపడాల్సిన కెల్సీ, ఇరవై రెండేళ్ల పిల్ల, గెలుపు తనకే వస్తుందనుకుని ముందుకు దూకింది. కొండ పైకి చేరేలోగా ఇద్దరి కాళ్లూ అయిపోయాయి. రేసు వేరే జట్టు ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి వాళ్లకు మాటల్లేవు. ఏదైనా ఉంటే నమ్రత ద్వారానే.

ఇప్పుడు ఈ నాలుగు రోజుల రేసులో ఇవాళ చివరి రోజు. పసుపు జెర్సీ వేరే జట్టు అమ్మాయి మీద ఉంది. ఆమె వెనక కొద్ది సెకన్ల తేడాతో మెరెడిత్, ఆ వెనకే కెల్సీ.

బయల్దేరే చోట టీమ్ డైరెక్టర్ డయాన్ అందరినీ వ్యాన్ నీడలో నిలబెట్టింది. "ఇవాళ మీ ఇద్దరిలో ఎవరు ముందుంటే వచ్చే నెల స్పెయిన్‌లో వాళ్లే లీడర్. నేను ఎవరి పక్షమూ కాదు" అంది. అందరూ వెళ్లాక నమ్రతను ఆపింది.

"స్పెయిన్‌కి ఆరుగురినే తీసుకెళ్తాం. అక్కడ అన్నీ కొండలే. నీకు చోటు లేదు. వేరేవాళ్ల నోట వినకూడదని నేనే చెప్తున్నాను."

నమ్రతకు ఈ మాట వసంతంలోనే తెలుసు. ఎక్కే కొండ ప్రతిసారీ కిందటిసారి కన్నా పొడవుగా అనిపించసాగింది. ఇది ఆఖరి రేసని ఎవరికీ చెప్పకుండానే నిశ్చయించుకుంది. అయినా వేరేవాళ్లు పైకి అనేసరికి, బిగించిన హెల్మెట్ పట్టీనే మళ్లీ బిగించింది.

"ఓకే. ఇవాళ ఏం చేయమంటావు?"

డయాన్ వ్యాన్ తలుపు మూసింది. "రోజూ చేసేదే" అంది.

ఒజార్క్ కొండల్లో సెప్టెంబరు ఎండ తక్కువేం కాదు. రోడ్డు పక్క పొడవాటి కోళ్లషెడ్లు, ఆ వాసన, చర్చి బోర్డులు, వంపు తిరిగేచోట చక్రం కింద జారే కంకర. నమ్రత గుంపుకు ముందుండి తల వంచి తొక్కింది. గుంపును వదిలి ముందుకు పారిపోయిన వాళ్లను ఒక్కొక్కరినే లాక్కొచ్చింది. వెనక్కి చూసిన ప్రతిసారీ ఒకటే దృశ్యం. మెరెడిత్ కెల్సీని కనిపెట్టుకుని ఉంది, కెల్సీ మెరెడిత్‌ని. పసుపు జెర్సీ అమ్మాయిని ఇద్దరిలో ఎవరూ చూడటం లేదు. ఆ అమ్మాయికి తోడున్నవాళ్లు ఒక్కొక్కరే వెనకబడిపోయారు. ఆమె ఇప్పుడు ఒంటరి.

ఈ రేసులో చెవి రేడియోలకు అనుమతి లేదు. ఏ మాటైనా మనిషే మోసుకెళ్లాలి. నమ్రత చెయ్యెత్తి, గుంపు వదిలి, వెనక వస్తున్న టీమ్ కారు పక్కకు చేరింది. డయాన్ కిటికీలోంచి సీసాలు అందిస్తోంది. నమ్రత వాటిని జెర్సీ వీపులోకి, మెడ దగ్గరికి, పొట్ట మీదికి దోపుకుంటోంది.

"వాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ కూర్చుంటే ఆ అమ్మాయి గెలిచిపోతుంది. ఏదో ఒకటి చెప్పు డయాన్."

"ఎవరి రేసు వాళ్లదని చెప్పు."

"అంతేనా?"

"అంతే." కిటికీ అద్దం పైకి లేచింది.

చల్లటి సీసాలు పొట్టకు తగులుతుంటే నమ్రత లేచి నిలబడి తొక్కింది. గుంపును అందుకునేలోపు చిన్న ఎత్తు ఉంది. ఆ ఎత్తంతా ఎక్కేసరికి ఊపిరి విజిల్‌లా వస్తోంది. డయాన్ చెప్పమన్న మాట ఆ ఎత్తు దగ్గరే ఎక్కడో వదిలేసింది.

ముందు కెల్సీ పక్కకు వెళ్లి సీసా అందించింది. "మెరెడిత్ నిన్ను ముందు వెళ్లమంటోంది. పసుపు జెర్సీ నీ వెనక పడితే తను గాలి తగలకుండా ఆ పిల్ల వెనకే ఉంటుందట. దాన్ని అలిసిపోయేట్టు చేశాక మీలో ఎవరి కాళ్లు మిగిలితే వాళ్లు."

"ఆవిడ అందా?"

"అంది. నీ కాళ్లు ఇవాళ చాలా బాగున్నాయని కూడా అంది."

కెల్సీ మెడ ఎర్రబడింది. ఒకసారి తన కాళ్ల వైపు తనే చూసుకుంది.

తర్వాత మెరెడిత్. "కెల్సీ ముందు వెళ్తానంటోంది. నువ్వు పసుపు జెర్సీ వెనక ఉండమంది." నమ్రత ఊపిరి తీసుకుంది. "కొలరాడో సంగతికి సారీ చెప్పమంది."

మెరెడిత్ ఆమె వైపు తిరిగి చాలాసేపు చూసింది. రోడ్డు మీద కళ్లు ఉండాల్సిన వేగంలో అది చాలాసేపే.

"సారీ అందా."

"అంది."

"సీసా ఇటివ్వు" అంది మెరెడిత్.

చివరి కొండ మొదట్లో నమ్రత మళ్లీ గుంపు ముందుకొచ్చింది. తనలో మిగిలిందంతా అక్కడ పోసేసింది. ఆమె వెనక గుంపు దారంలా సాగి, తెగింది. తొడలు కొయ్యబారాక పక్కకు తప్పుకుంది. మెరెడిత్, కెల్సీ, పసుపు జెర్సీ అమ్మాయి నమ్రతను దాటి పైకి వెళ్లిపోయారు. తర్వాత మిగతావాళ్లంతా. ఆమె ఒక్కతే నెమ్మదిగా ఎక్కసాగింది.

కొండ మీది నుంచి మైకులో వ్యాఖ్యాత గొంతు వినిపిస్తోంది. కెల్సీ దూకిందన్నాడు. పసుపు జెర్సీ పట్టుకుందన్నాడు. నమ్రత పెదవి కొరుక్కుంది. మెరెడిత్ దూకిందన్నాడు. పసుపు జెర్సీ ఈసారి కష్టం మీద పట్టుకుందన్నాడు. గాలి మళ్లి కాసేపు ఏమీ వినబడలేదు. మలుపు తిరిగాక మళ్లీ ఆ గొంతు, ఈసారి ఇంకా గట్టిగా: కెల్సీ మళ్లీ వెళ్లింది, పసుపు జెర్సీ నువ్వెళ్లి పట్టుకో అన్నట్టు మెరెడిత్ వంక చూస్తోంది, మెరెడిత్ కదలడం లేదు, కదలడమే లేదు.

నమ్రత ఆ మలుపులో ఒక్క క్షణం తొక్కడం మరిచిపోయి, పడబోయి నిలదొక్కుకుంది.

ఆమె ముగింపు గీత దాటేసరికి చప్పట్లు కొట్టడానికి భవిత తప్ప పెద్దగా ఎవరూ మిగల్లేదు. మెరెడిత్ రోడ్డు అంచున కూర్చుని ఉంది. పక్కన చోటు చూపించింది.

"ఆ పిల్ల నోట సారీ అన్న మాట నేను బతికుండగా రాదు" అంది.

నమ్రత తల వంచుకుంది. "తెలిసీ ఎందుకు ఆగావు?"

"ఆ ఎండలో, అంత బరువు వీపున వేసుకుని, తొక్కుకుంటూ వచ్చి చెప్పావు. ఎవరన్నారన్నది తర్వాత చూసుకోవచ్చులే అనిపించింది."

కెల్సీ వచ్చింది. పసుపు జెర్సీ ఇప్పుడు ఆమె ఒంటి మీద వదులుగా వేలాడుతోంది. మెరెడిత్ ముందు నిలబడి, జూన్ తర్వాత మొదటిసారి ఆమెతోనే మాట్లాడింది.

"నా కాళ్లు బాగున్నాయన్నావట."

మెరెడిత్ నమ్రత వైపు చూడలేదు. "అన్నాను" అంది.

"కొలరాడోలో నేను..."

"తెలుసు. నమ్రత చెప్పింది."

కెల్సీ ఇంకేదో అనబోయి, తల ఊపి, ఫోటోల వాళ్లు పిలుస్తుంటే వెళ్లిపోయింది. మెరెడిత్ లేచి జెర్సీ వెనక జేబు లాగి చూసుకుంది. "నువ్వు రావట్లేదని డయాన్ చెప్పింది. అయితే స్పెయిన్‌లో నీ పని నాదే. ఆ సీసాలు జారిపోకుండా ఎలా దోపుకుంటావు?"

నమ్రత లేచి, ఖాళీ సీసా ఒకటి తీసుకుని, మెరెడిత్ వీపున పెట్టి చూపించింది. "బరువైనవి కింద. మెడ దగ్గరిది చివర్లో పెట్టు, ముందు అదే తియ్యాలి."

సాయంత్రం జట్టు డిన్నర్‌కి వెళ్లకముందే భవిత నమ్రతను ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్లింది. ఇదే తన ఆఖరి రేసని దారిలో నమ్రత ఆమెకు చెప్పింది.

"ఆఖరిదని వాళ్లకు చెప్పి పోవా?"

"చెప్తే స్పీచ్ ఇవ్వాలి అక్కా. నాకు వాళ్ల మాటలు చెప్పడమే వచ్చు. నావి రావు."

దిగేటప్పుడు భవిత ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇవాళ ఆ కొండ ఎక్కినప్పుడు నిన్ను చూసిన, అది చాలు నాకు" అంది. నమ్రత చిన్న బ్యాగుతో అద్దాల తలుపు దాటి వెళ్లిపోయింది.

భవిత ఇంటికొచ్చి వెనక తలుపు తీసేసరికి డెక్ రెయిలింగ్ మీద నమ్రత ఉతికి ఆరేసి మరిచిపోయిన గ్లౌజులు రెండు కనిపించాయి. అరచేతుల దగ్గర గుడ్డ అరిగి నున్నబడింది. బిరుసుగా ఎండిపోయినా వాటి వేళ్లు మాత్రం, ఇంకా దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు, లోపలికి వంగే ఉన్నాయి.