కడిగేసిన చుక్కలు

పెంపుడు కుక్క నల్లోడికి ఏదో జబ్బు పట్టిందని ఆ ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది కోడలే. లాండ్రీలో మరకలు పోగొట్టే పని ఆమెది. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పసుపు చుక్కలు చూడగానే అది ఉచ్చ కాదని తెలిసిపోయింది. కుక్క పొద్దస్తమానం కాలెత్తి పొట్టకింద నాక్కుంటూ కూర్చునేది.

అత్తగారు చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఆ దరిద్రం ఇంకోసారి నా కంటబడిందా, వాణ్ణి వీధిలోకి తోలించేస్తాను. ఛీ, నలుగురిలో చెప్పుకోవడానిక్కూడా సిగ్గే!"

అప్పట్నుంచీ లేవగానే పట్టా తిరగేసి చూడటం, అత్తగారు రాకముందే తుడిచేయడం కోడలికి అలవాటైంది. రానురాను చుక్కలు చిక్కబడ్డాయి. ఆకుపచ్చకి తిరిగాయి. ఒకనాడు అంచున ఎర్రజీర కూడా కనిపించింది. వాసన మొదలైంది. ఆమె ఇంకాస్త సబ్బు వేసింది.

"వీడేంటే, ఊరికే నాక్కుంటున్నాడు? ఓసారి చూపిద్దాం," అన్నాడు భర్త.

బయల్దేరేముందు ఆమె కుక్కకి ఒళ్ళు రుద్ది స్నానం చేయించింది. పొట్టకింద అట్టకట్టిన వెంట్రుకలు కత్తిరించేసింది. పరాయివాళ్ళ ముందు పరువు పోకూడదు కదా.

పశువుల డాక్టరు గదిలో పిల్లులతో, కుక్కపిల్లలతో జనం కిటకిటలాడుతున్నారు.

"ఏమైనా కారుతోందామ్మా?"

"కొంచెమండీ."

"వాసన? రక్తం?"

ఆమె భర్త వైపు చూసింది. అతను గోడమీది పటం వైపు చూస్తున్నాడు. "లేదండీ," అంది.

"పెళ్ళికొడుకులా తయారుచేసి తెచ్చారు, నాకేం కనబడటం లేదు మరి," నవ్వాడు డాక్టరు. "మగకుక్కలకి కాస్త పసుపుగా కారడం మామూలే. ఆకుపచ్చగా చీములా వచ్చినా, రక్తం పడినా, వాసనేసినా, యూరిన్‌కి ముక్కినా మాత్రం ఆగొద్దు. వెంటనే తీసుకురండి."

"చూశావా? ఏమీ లేదన్నాడు," అన్నాడు భర్త దారిలో తేలిగ్గా. మాట ఆమె నోటిదాకా వచ్చింది. చెబితే వెనక్కి తిప్పుతాడు, సంగతి అత్తగారి చెవిన పడుతుంది. మింగేసింది.

ఆ వారంలోనే నల్లోడు కాలెత్తి నిలబడి, చుక్క రాక మూలగడం మొదలుపెట్టాడు. పొట్ట ముట్టుకోనివ్వలేదు. ఈసారి స్నానం చేయించే ఆలోచన ఎవరికీ రాలేదు.

స్కానింగ్ చూసిన డాక్టరు ముఖంలో నవ్వు లేదు. "చీము ఎప్పట్నుంచి?"

"మొన్న లేదుగా సార్, మీరే చూశారుగా," అన్నాడు భర్త.

"ఉందండీ," అంది ఆమె. ఇద్దరూ తిరిగి చూశారు. "మొన్న కూడా ఉంది. పచ్చగా, రక్తంతో, వాసనగా. నేనే కడిగేసి తెచ్చాను."

డాక్టరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ప్రోస్టేట్ గ్రంథిలో గడ్డ లేచి పగిలింది. చీము పొట్టంతా పాకింది. ఆపరేషన్ చేస్తాను, ఆశ మాత్రం పెట్టుకోకండి."

బయట బల్ల మీద భర్త ఆ చివర కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. చాలాసేపటికి డాక్టరు తలుపు తీశాడు.

"ఇంకా ఊపిరుందమ్మా. ఎక్కువసేపు ఉండదు. దగ్గరుంటారా?"

"నువ్వెళ్ళు," అన్నాడు భర్త నేల చూస్తూ. "నావల్ల కాదు."

ఆమె లోపలికెళ్ళి తలమీద చెయ్యివేసి, "నల్లోడా," అని పిలిచింది. చెవి కదిలిందో, తన చేతికే అలా అనిపించిందో తెలియలేదు.